టిన్ను పుట్టిన ఊరేది?

తాగేసి పారేసిన కూల్‌డ్రింకు టిన్ను కోసం తెల్లవారకముందే టార్చిలైటు పట్టుకుని బయల్దేరేవాళ్ళుంటారా? ఉంటారు. మూత చూసి పదేళ్ళు, చిరునామా చూసి ఇరవై ఏళ్ళు వెనక్కి లెక్కగట్టేస్తారు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో అలాంటివాళ్ళ మధ్య ఓ రోజు తిరిగి, మా ఇంటి షోకేసులోని ఓ పాత టిన్ను గుట్టు తెలుసుకున్న కథ ఇది.

సెప్టెంబరు నెల. ఉదయం ఏడు కావస్తోంది. ఇంకా పూర్తిగా వెలుగు రాలేదు. గడ్డి మీద మంచు తడి. స్ప్రింగ్‌ఫీల్డ్ ఊరి పక్కన, 70వ నంబరు జాతీయ రహదారికి దగ్గర్లో ఉన్న క్లార్క్ కౌంటీ తిరునాళ్ళ మైదానం అది. మామూలు రోజుల్లో పశువుల ప్రదర్శనలూ రంగులరాట్నాలూ ఉండే చోటు. ఇప్పుడు మాత్రం ఎటు చూసినా బల్లలే. వాటి మీద పాత కుర్చీలు, గడియారాలు, చిమ్నీ దీపాలు, తుప్పు పట్టిన సుత్తులు, చెవి విరిగిన కప్పులు.

మన ఎర్రగడ్డ ఆదివారం సంతని పదింతలు చేసి, బేరసారాల గోల తగ్గించి, మధ్యమధ్యలో కాఫీ బండ్లు పెడితే ఎలా ఉంటుందో అలా ఉంది. కొలంబస్‌లో ఉండే మా అక్కా బావగార్లు గంటలోపే కార్లో తీసుకొచ్చారు. ‘ఇంత పొద్దున్నే లేపి ఈ పాత సామాన్లు చూపించడానికా’ అని అక్క కొడుకు కారు దిగనని మొరాయించాడు. వాడికి అర్థమయ్యేలా చెప్పాలంటే ముందు మా మావయ్య సంగతి చెప్పాలి.

ఎడారి దాటిన పెప్సీ

మాది కోనసీమలో రాజోలు దగ్గర పల్లెటూరు. మా చిన్నమావయ్య కువైట్‌లో డ్రైవరు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లోకి చొరబడ్డాయి. ఉన్న ఇల్లు, దాచిన జీతం, కొన్న సామాను... అన్నీ వదిలేసి లక్షమందికి పైగా భారతీయులు దారి పట్టారు. బస్సుల్లో బస్రా, బాగ్దాద్‌ల మీదుగా జోర్డాన్ చేరుకుని, రాజధాని అమ్మాన్‌లో విమానం కోసం ఎదురుచూశారు. దాదాపు రెండు నెలలపాటు ఎయిరిండియా 488 విమానాలు నడిపి వాళ్ళని బొంబాయికి చేర్చింది. అలా వచ్చినవాళ్ళలో మా మావయ్య ఒకడు.

అంతకుముందు వచ్చినప్పుడు టేపురికార్డరూ సెంటు సీసాలూ తెచ్చిన మనిషి ఈసారి ఒక చేతిసంచితో దిగాడు. అందులో రెండు జతల బట్టలూ, ఒక పెప్సీ టిన్నూ. ఎర్రటి, నీలపు రంగుల మధ్య అరబ్బీ అక్షరాలు. అమ్మమ్మ చేతికిచ్చి ‘నీ కోసమే’ అన్నాడట. ఇంట్లో పదకొండు మందిమి. స్టీలు గ్లాసుల్లో అడుగుకి రెండు చుక్కలు చొప్పున పంచింది అమ్మమ్మ. నాకు గుర్తున్నది ముక్కులోకి ఎక్కిన గ్యాసు ఒక్కటే.

ఖాళీ టిన్నుని మా అమ్మ కడిగి, దాని చిల్లులో ప్లాస్టిక్ గులాబీ గుచ్చి షోకేసులో పెట్టింది. మావయ్య నాలుగేళ్ళ క్రితం పోయాడు. టిన్ను ఇప్పటికీ అక్కడే ఉంది. ‘ఎడారిలో నోరెండిపోతున్నా గుక్కెడు తాగకుండా అమ్మ కోసం మోసుకొచ్చాడే వాడు’ అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ అమ్మ చెబుతుంది. మా అన్నయ్య మాత్రం నమ్మడు. ‘యుద్ధంలో పారిపోయొచ్చేవాడికి కూల్‌డ్రింకెక్కడిది? 93లో మళ్ళీ కువైట్ వెళ్ళాడుగా, అప్పుడు తెచ్చుంటాడు. అమ్మ రెండూ కలిపేసింది’ అంటాడు. మావయ్య పోయాక వచ్చిన మొదటి సంవత్సరీకాల రోజున ఇదే మాట మీద ఇద్దరూ భోజనాల దగ్గర కోపాలు తెచ్చుకున్నారు.

టిన్నుని వెంట తీసుకెళ్తానంటే అమ్మ ససేమిరా ఒప్పుకోలేదు. అందుకే పైనా కిందా చుట్టూ ఫొటోలు తీసుకుని విమానమెక్కాను.

మూతని చూస్తే...

టిన్నుల బల్ల దొరకడానికి అరగంట పట్టింది. వెనక డెబ్బై దాటిన పెద్దాయన మడత కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ముందు వరసలుగా పేర్చిన టిన్నులు. చిన్నప్పుడు బీరు టిన్నులు పోగేసేవాడట. తర్వాత కూల్‌డ్రింకుల వైపు మళ్ళాడట. ఫొటోలు చూపించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ‘ముందు చదవడం నేర్చుకోండి. తర్వాత మీ టిన్నుని మీరే చదువుకుంటారు’ అన్నాడు. అక్కడ మొదలైంది పాఠం.

మొట్టమొదట చూడాల్సింది పేరునీ రంగునీ కాదు, మూతని. టిన్నులో అమ్మిన మొదటి బీరు 1935 జనవరి 24న వర్జీనియా రాష్ట్రంలోని రిచ్మండ్‌లో మార్కెట్‌లోకి వచ్చింది. న్యూజెర్సీలోని క్రూగర్ కంపెనీది. కూల్‌డ్రింకు మాత్రం అంత తేలిగ్గా టిన్నులో ఇమడలేదు. అందులోని ఆమ్లం రేకుని తినేస్తుంది. గ్యాసేమో లోపల్నుంచి తన్నుతుంది. 1938లో క్లిక్వో క్లబ్ అనే కంపెనీ అల్లం రుచి సోడాని టిన్నులో పోసి చూసింది. కారడం, రుచి మారడం వంటి ఇబ్బందులతో అది నిలదొక్కుకోలేదు. ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. రేకంతా యుద్ధానికే పోయింది. 1953లో న్యూజెర్సీకి చెందిన కాంట్రెల్ అండ్ కోక్రెన్ కంపెనీ రంగంలోకి దిగాకే కూల్‌డ్రింకు టిన్నులు నిలబడ్డాయి. కోకాకోలా అయితే 1955లో ముందు విదేశాల్లోని అమెరికా సైనికుల కోసం టిన్నులు పంపింది. మామూలు జనానికి అందింది 1960 ప్రాంతంలో.

ఆ తొలినాటి టిన్నుల్లో చాలావాటికి మెడ ఉంటుంది. పైభాగం గరాటులా సన్నబడి, చివర సోడా సీసాకి వేసే రేకు మూత. వీటినే ‘కోన్ టాప్’ అంటారు. చూడ్డానికి మనం ఇత్తడి సామాన్లు తోమే బ్రాసో డబ్బాకి అన్నలా ఉంది. సీసాలు నింపే యంత్రం మీదే వీటినీ నింపేయొచ్చు, కొత్త యంత్రం కొనక్కర్లేదు. అదీ దాని కిటుకు. పెద్దాయన దగ్గర అలాంటిది ఒక్కటే ఉంది. దాన్ని అద్దాల పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

తర్వాతవి చదును మూతవి, ‘ఫ్లాట్ టాప్’లు. పైన తోకా ఉండదు, రింగూ ఉండదు. మొన కొంకిగా ఉండే ఇనప పరికరంతో ఒక అంచున ఒకటి, ఎదుటి అంచున ఒకటి, మూడు మూలల చిల్లులు పొడవాలి. ఒకటి తాగడానికి, రెండోది గాలికి. మనం నూనె డబ్బాకి మేకుతో రెండు వైపులా చిల్లులు కొట్టమూ? అదే సూత్రం.

ఆ తర్వాత వచ్చింది ఊడి చేతికొచ్చే రింగు. అది పుట్టిన ఊరు అక్కడికి పాతిక మైళ్ళే. ‘ఎలాగూ ఇంత దూరం వచ్చారు, చూసి రండి. సాయంత్రం దాకా నేనిక్కడే ఉంటాను’ అన్నాడు పెద్దాయన.

కారు బంపరు నేర్పిన పాఠం

ఆ ఊరు డేటన్. డేటన్ అనగానే గుర్తొచ్చేది రైట్ సోదరులు. వాళ్ళ సైకిలు కొట్టు ఇక్కడే. 1905లో వాళ్ళు నడిపిన మూడో విమానం, ‘రైట్ ఫ్లయర్-3’, కరిల్లాన్ హిస్టారికల్ పార్కులో ఉంది. దాన్ని చూశాకే మా అక్క కొడుకు ముఖం విప్పారింది. దుకాణాల్లో డబ్బు లెక్కపెట్టే గల్లాయంత్రం కూడా ఈ ఊరి బిడ్డే. 1879లో జేమ్స్ రిటీ అనే ఆయన దానికి పేటెంటు తీసుకున్నాడు. రేకులు కోసి, పళ్ళచక్రాలు చెక్కి, యంత్రాలకి అచ్చులు తయారుచేసే పనివాళ్ళ ఊరు ఇది.

అలాంటి పనివాడే ఎర్మల్ ఫ్రేజ్. 1949లో ఇక్కడ పనిముట్ల కంపెనీ పెట్టాడు. పదేళ్ళ తర్వాత, 1959లో కుటుంబంతో పిక్నిక్కి వెళ్ళాడు. తాగడానికి టిన్నులున్నాయి. తెరిచే కొంకి మాత్రం ఇంట్లో మర్చిపోయారు. చివరికి కారు బంపరుకి కొట్టి తెరవాల్సొచ్చింది. తర్వాత ఓ రాత్రి నిద్ర పట్టక, ఇంటి కింద గదిలో ఉన్న పనిముట్ల దగ్గరికెళ్ళి కూర్చున్నాడట. మూత తెరిచే పిడి మూతకే ఉంటే? రేకు చిరగడానికి సరిపడా పల్చటి గీత ముందే గీసి ఉంచితే? పిడిని మూతకి బిగించే మేకుని కూడా మూత రేకులోంచే ఉబ్బించి తీస్తే? ఆ చివరి ఉపాయమే అసలు కీలకం. విడిగా మేకు పెడితే ఆ చిల్లులోంచి గ్యాసు పోతుంది మరి.

1962లో పిట్స్‌బర్గ్‌లోని ఓ బీరు కంపెనీ ఈ మూతని మొదట వాడింది. 1963లో ఫ్రేజ్‌కి పేటెంటు వచ్చింది. కొద్ది ఏళ్ళలోనే దేశమంతా రింగులు లాగడం మొదలుపెట్టింది. లాగి పారేయడం కూడా. సముద్రపు ఒడ్డున నడిచేవాళ్ళ కాళ్ళు కోసుకుపోయాయి. రింగుని టిన్నులోనే పడేసి తాగబోయి మింగినవాళ్ళూ ఉన్నారు. దానికి విరుగుడుగా 1975లో రేనాల్డ్స్ కంపెనీ ఇంజినీరు డేనియల్ కడ్జిక్ రూపొందించిన మూత వచ్చింది. నొక్కితే లోపలికి మడుచుకుని టిన్నునే అంటిపెట్టుకుని ఉండే పిడి అది. మనం ఇప్పుడు ‘టక్’మని తెరిచేది అలాంటిదే.

అంటే అమెరికా టిన్నుకి రింగు ఊడిన మూత ఉంటే అది 1962కి ముందుది కాదు, 1970ల చివరికి తర్వాతది కావడం అరుదు. తవ్వకాల్లో ఈ రింగులు బయటపడితే పురావస్తు పరిశోధకులు కూడా వాటిని బట్టి ఆ మట్టి పొర కాలాన్ని లెక్కకడతారు. పారేసిన చెత్త చరిత్రకి తేదీ చెబుతోందన్నమాట!

చిరునామా, తీపి, నల్లచారలు

డేటన్ నుంచి ఉత్తరంగా ఇరవై మైళ్ళు వెళ్తే ట్రాయ్. చిన్న ఊరు. 1974 జూన్ 26 ఉదయం ఇక్కడి మార్ష్ సూపర్‌మార్కెట్‌లో ఒక చూయింగ్‌గమ్ ప్యాకెట్‌ని యంత్రం ముందు జరిపారు. ‘బీప్’ మంది. ధర 67 సెంట్లు. ప్రపంచంలో బార్‌కోడ్ చదివి అమ్మిన మొదటి సరుకు అదే. ఆ గల్లాయంత్రం డేటన్‌లోని ఎన్‌సీఆర్ కంపెనీదే. మార్ష్ సంస్థ 2017లో దివాలా తీసింది. ఇప్పుడక్కడికి సరుకులు కొనడానికి వెళ్ళేవాళ్ళెవరూ లేరు. కానీ ఆ నల్లచారలు మాత్రం మన వీధి చివర కిరాణా కొట్లోని బిస్కెట్ ప్యాకెట్ దాకా వచ్చేశాయి. టిన్నులు పోగేసేవాళ్ళకి అవో పెద్ద గుర్తు. చారలుంటే 1974కి ముందుది కాదు.

తిరిగి స్ప్రింగ్‌ఫీల్డ్ చేరేసరికి మూడయింది. పెద్దాయన అన్నమాట ప్రకారమే అక్కడే ఉన్నాడు. మిగతా గుర్తులన్నీ అప్పుడు చెప్పాడు.

చిరునామాలో అయిదంకెల జిప్ కోడ్ ఉంటే 1963 జులై తర్వాతది. దానికి బదులు ఊరి పేరు పక్కన ఒకటో రెండో అంకెలుంటే 1943-63 మధ్యది. చక్కెర లేని ‘డైట్’ కూల్‌డ్రింకు టిన్ను మీద సైక్లమేట్ అనే తీపి పదార్థం పేరుంటే అది దాదాపుగా 1960లదే. ఎందుకంటే ఆరోగ్యానికి చేటన్న అనుమానంతో 1969 అక్టోబరులో అమెరికా ప్రభుత్వం దాన్ని నిషేధించింది. శాకరిన్ గురించి హెచ్చరిక ఉంటే 1977కి తర్వాతది. ఇప్పటి తరహా పోషకాల పట్టిక ఉంటే 1994 ప్రాంతానిదో, ఆ తర్వాతదో. కోకాకోలా పేరు పక్కన ‘క్లాసిక్’ అని ఉంటే 1985-2009 మధ్యది. 1985 ఏప్రిల్‌లో రుచి మార్చి, జనం గొడవ చేస్తే జులైలో పాత రుచిని ఆ పేరుతో తిరిగి తెచ్చారు కదా!

అయస్కాంతం కూడా వాళ్ళ జేబులో ఉంటుంది. అంటుకుంటే ఉక్కు రేకు, అంటుకోకపోతే అల్యూమినియం. పెద్ద కూల్‌డ్రింకు కంపెనీల్లో రాయల్ క్రౌన్ 1964లో అల్యూమినియం వాడింది. పెప్సీ, కోక్ 1967లో అదే దారి పట్టాయి. ఒంటి మీద పై నుంచి కిందకి నిలువు అతుకు ఉంటే మూడు ముక్కలు కలిపి చేసిన పాత పద్ధతి. అతుకు లేకుండా గ్లాసులా నున్నగా ఉంటే ఒకే రేకుని సాగదీసి, పైన మూత బిగించింది.

ఒక్క గుర్తుని పట్టుకుని తేదీ చెప్పేయకూడదు అన్నది ఆయన పదేపదే చెప్పిన మాట. ఒక గుర్తు ‘దీనికి ముందు కాదు’ అంటుంది. ఇంకోటి ‘దీని తర్వాత కాదు’ అంటుంది. రెంటి మధ్య మిగిలిన సందే దాని వయసు.

గోడల్లో, గోతుల్లో

ఇంతకీ ఈ టిన్నులు ఎక్కడ దొరుకుతాయి? సంతలో కొనడం ఒక దారి. అసలు సరదా వెతకడంలోనే ఉందంటారు వీళ్ళు. పాత ఇళ్ళు పడగొట్టేటప్పుడు గోడల మధ్య ఖాళీలో టిన్నులు బయటపడుతుంటాయి. కట్టేటప్పుడు పనివాళ్ళు తాగి అక్కడే పడేసినవి. ఎండా వానా తగలవు కాబట్టి రంగు చెక్కుచెదరదు. పాత దుకాణాల అటకలు, మూతపడ్డ గ్యారేజీలు, పల్లెల్లో ఒకప్పుడు చెత్త పోసిన గోతులు కూడా వీళ్ళకి గనుల్లాంటివే. అయితే ఎవరి స్థలంలోనైనా అనుమతి లేకుండా తవ్వకూడదు. జాతీయ పార్కుల్లోంచి ఏ పాత వస్తువూ తీసుకురాకూడదు. చట్టం ఒప్పుకోదు.

గోతిలో దొరికినవాటికి తుప్పు తప్పదు. ఆక్సాలిక్ ఆమ్లం కలిపిన నీళ్ళలో నానబెట్టి వదిలిస్తారు. అది విషం కాబట్టి పిల్లలకి అందనివ్వకుండా, చేతులకి తొడుగులేసుకుని చేయాల్సిన పని. ఎక్కువసేపు ఉంచితే తుప్పుతోపాటు రంగూ దెబ్బతింటుంది. అందుకే పక్కనే కాపలా ఉండాలి.

నిండు టిన్ను అయితే ఇంకా మంచిదేమో అనుకున్నాను. కాదట. ఏళ్ళు గడిచేకొద్దీ లోపలి పూత పాడై, ఆమ్లం రేకుని తినేసి, ఓ రోజు అలమరంతా జిగటై ఊరుకుంటుంది. అందుకే అడుగున చిన్న చిల్లు చేసి వంపేస్తారు. పైన మూతా రింగూ చెక్కుచెదరవు. ముందు నుంచి చూస్తే కొత్తదే.

వీటన్నిటికంటే పెద్ద శత్రువు ఎండ. కిటికీ పక్కన పెడితే ముందు పోయేది ఎరుపే. ఆ మాట వినగానే మా షోకేసు గుర్తొచ్చింది. అది తూర్పు కిటికీ పక్కనే ఉంటుంది. మావయ్య టిన్ను మీద ఎరుపు ఎప్పుడో కాషాయంలోకి దిగింది.

మన అలమరల్లోనూ...

ఈ విద్య అమెరికా టిన్నులకే పరిమితం కాదు. మన ఇళ్ళలో చెక్క బీరువా మీద నిద్రపోతున్న బిస్కెట్ డబ్బాలకీ, పౌడరు డబ్బాలకీ, కూల్‌డ్రింకు సీసాలకీ ఇదే లెక్క పనిచేస్తుంది.

చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతది. ఆ రోజే మన దేశంలో పిన్‌కోడ్ మొదలైంది. ‘బొంబాయి’ అని ఉంటే సాధారణంగా 1995కి, ‘మద్రాసు’ అని ఉంటే 1996కి ముందుది. ధర పక్కన ఇప్పటి రూపాయి గుర్తు ఉంటే 2010 జులై తర్వాతది. హైదరాబాద్ పక్కన ‘తెలంగాణ’ అని ఉంటే 2014 జూన్ తర్వాతది. కూల్‌డ్రింకుల్లో అయితే, 1977లో కోకాకోలా మన దేశం వదిలి వెళ్ళింది. ఆ ఖాళీలోనే ప్రభుత్వ సంస్థ తయారుచేసిన ‘డబుల్ సెవెన్’, పార్లే వాళ్ళ ‘థమ్సప్’ వచ్చాయి. 1993 అక్టోబరులో కోక్ ఆగ్రాలో మళ్ళీ అడుగుపెట్టింది. పెప్సీ మీద ‘లెహర్’ అన్న పేరు కూడా కనిపిస్తే అది 1990ల తొలినాటిది. విదేశీ పేరు ఒక్కటే వాడకూడదన్న అప్పటి నిబంధన వల్ల తగిలించుకున్న పేరది. ఈసారి పండక్కి అటక దులిపేటప్పుడు పాత డబ్బాని పారేసే ముందు ఒక్కసారి చదివి చూడండి. పిల్లలతో చదివించండి, వాళ్ళకి పరీక్షలా కాకుండా ఆటలా ఉంటుంది.

రెండు అరబ్బీ వరసలు

చివరికి ఫోను పెద్దాయన ముందు పెట్టాను. ఆయన ముందే చెప్పినట్టు నేనే మొదలుపెట్టాను. రింగు ఊడిన మూత. అమెరికా లెక్కలో అయితే 1970ల నాటిది. ‘ఆగండి. ఇది అమెరికాది కాదుగా’ అన్నాడాయన. చాలా దేశాల్లో ఊడే రింగు ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి నడిచింది. ఆ గుర్తుతో ఇక్కడ పని లేదు. బార్‌కోడ్ ఉంది. 1974కి ముందుది కాదు. అడుగున తేదీ ముద్ర ఉండేదేమో, అమ్మ ముప్పై ఏళ్ళకి పైగా తోమిన తోముడుకి నున్నగా అరిగిపోయింది.

అరబ్బీ అక్షరాలతో పాత టిన్నులంటే ఎక్కువగా పెప్సీలే కనిపిస్తాయట. ఇజ్రాయెల్‌లో వ్యాపారం పెట్టిందని 1968లో అరబ్ దేశాల కూటమి కోకాకోలాని బహిష్కరించింది. 1990ల మొదటి దాకా అది నడిచింది. ఆ మార్కెట్లన్నీ పెప్సీవే.

ఇక ముఖ్యమైన గుర్తు, పేరు. 1991లో పెప్సీ తన ముద్ర మార్చింది. అక్షరాలు వాలుగా మారి, గుండ్రటి ఎరుపు-నీలం బంతి నుంచి విడిపోయాయి. అంతకుముందు అక్షరాలు నిటారుగా ఆ బంతి మధ్యలోనే ఉండేవి. మా టిన్ను మీద? నిటారుగా, బంతి మధ్యలోనే. కొత్త ముద్ర అన్ని దేశాలకీ ఒకేసారి చేరి ఉండదు కాబట్టి కాస్త అటూఇటూ అయినా, 93 తర్వాత తెచ్చిందన్న అన్నయ్య వాదన బలం తగ్గింది. అమ్మ మాటే నెగ్గేలా ఉందని సంబరపడ్డాను.

‘ఈ రెండు వరసల్లో తయారుచేసిన ఊరు ఉంటుంది. నాకు అరబ్బీ రాదు. వచ్చినవాళ్ళకి చూపించండి’ అన్నాడు పెద్దాయన. ఆయన దగ్గర ఓ నారింజ సోడా టిన్ను నాలుగు డాలర్లకి కొని, నమస్కారం పెట్టి బయల్దేరాం.

కొలంబస్‌లో అక్కావాళ్ళు ఖర్జూరాలు కొనే అరబ్బుల దుకాణం ఒకటుంది. ఇంటికెళ్ళే దారిలో అక్కడ ఆగాం. గల్లా దగ్గరి కుర్రాడు ఫొటోని పెద్దది చేసి చూశాడు. పైవరస తయారుచేసిన కంపెనీ పేరు. కింది వరస చదివి తలెత్తాడు. ‘అమ్మాన్. జోర్డాన్’ అన్నాడు.

కువైట్ కాదు. అమ్మాన్!

అంటే ఆ టిన్ను ఎడారి దాటలేదు. బస్రా, బాగ్దాద్ దారి పొడుగునా మావయ్య సంచిలో అది లేదు. దాహాన్ని ఓర్చుకుని దాచిందీ కాదు. అలాగని అన్నయ్య చెప్పినట్టు తీరిగ్గా 93 తర్వాత కొనుక్కొచ్చిందీ కాదు. మావయ్య జీవితంలో జోర్డాన్‌లో ఉన్నది ఆ కొద్ది రోజులే. విమానం కోసం ఎదురుచూస్తూ, చేతిలో ఏమీ లేకుండా, ఇంటికి ఉత్త చేతులతో ఎలా వెళ్ళాలా అనుకుంటున్న మనిషి చేతికి ఎలాగో వచ్చిన టిన్ను అది.

అమ్మకి చెప్పాలా వద్దా? దారంతా అదే ఆలోచన. ముప్పై ఏళ్ళకి పైగా చెప్పుకుంటున్న కథ. రాత్రి ఫోన్ చేసి, ముందు అన్నయ్య ఓడిపోయాడని చెప్పాను. సంతోషించింది. తర్వాత మెల్లగా అమ్మాన్ సంగతి చెప్పాను.

కాసేపు అవతల మాట లేదు.

‘అమ్మాన్ అంటే విమానమెక్కిన చోటు కదే?’ అంది. ‘వాడు కువైట్‌లో కొన్నానన్నాడే. డబ్బులన్నీ అక్కడే పోయాయి, బొంబాయిలో దిగేసరికి టీ నీళ్ళకి కూడా లేవన్నాడు. మరి దేనికి కొన్నాడో, ఏం అమ్ముకుని కొన్నాడో.’ మళ్ళీ కాసేపు ఆగింది. ‘ఆ రోజు అమ్మ గ్లాసు ఇస్తే వాడు తాగలేదు. నేను చాలా తాగానులే అక్కడ అన్నాడు. తాగుంటాడంటావా?’

నా దగ్గర జవాబు లేదు. టిన్ను మీద ఊరి పేరు ఉంది, కంపెనీ పేరు ఉంది. అది మాత్రం రాసి లేదు.

మర్నాడు అన్నయ్య ఫొటో పంపాడు. టిన్నుని అమ్మ కిటికీ పక్క నుంచి తీసి, షోకేసులో ఎండ తగలని అరలోకి మార్చింది. అరబ్బీ వరసలున్న వైపు ముందుకి తిప్పి పెట్టింది.